కరెంటు తీసే ముందు ఒక్క మెసేజ్ పెట్టమని అడుగుతున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో కింద మూలన ఒక చిన్న బాక్సు వస్తుంటుంది, 'నేడు విద్యుత్ సరఫరా నిలిపివేత' అని. పేపరు తెరవగానే నేను ముందు వెతికేది దాన్నే. ఫలానా 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వీధులకు కరెంటు తెచ్చే లైను) పరిధిలో చెట్ల కొమ్మలు తొలగించే పనులు ఉన్నందున ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు సరఫరా ఉండదు, వినియోగదారులు సహకరించగలరు అని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి పేరుతో నాలుగు లైన్లు ఉంటాయి. అది వేస్తున్నందుకు మీకు థ్యాంక్స్ చెప్పుకోవాలి, ఎందుకంటే చాలా చోట్ల జనానికి అందే సమాచారం అదొక్కటే. కానీ పేపరు ఇంటికొచ్చేసరికి ఆరున్నరో ఏడో అవుతుంది, కరెంటు తొమ్మిదికి పోతుంది, మధ్యలో ఉన్నది రెండు గంటలు. పైగా మా వీధి ఏ ఫీడర్ మీద ఉందో మాకు ఎవరూ చెప్పలేదు. ఇక పేపరే తెప్పించుకోని ఇళ్లకు ఆ నాలుగు లైన్లు కూడా లేవు, ఇప్పుడు అలాంటి ఇళ్లే ఎక్కువ.

నేను అడగదలచుకున్నది ఒకటే. కరెంటు తీసేయబోతున్నారని ముందురోజే తెలిసినప్పుడు ఆ సంగతి ముందురోజే మా ఫోనుకు పంపాలి. అనుకోకుండా పోతే, పోయిన కాసేపట్లోనే ఎందుకు పోయిందో, ఎప్పుడు వస్తుందో పంపాలి. ఇది దయ తలచి చేసే సాయంగా కాకుండా, చేయకపోతే పంపిణీ సంస్థ డబ్బు కట్టాల్సిన బాధ్యతగా ఉండాలి. ఈ నెల బిల్లు ఇంత, ఫలానా తేదీలోపు కట్టండి అని నా ఫోనుకు మెసేజ్ ఠంచనుగా వస్తోంది. గడువు దగ్గర పడితే మళ్లీ వస్తుంది, కట్టగానే ముట్టినట్టు ఇంకోటి వస్తుంది. అంటే నా నంబరు వాళ్ల దగ్గర ఉంది, అది ఏ సర్వీసు నంబరుకు చెందిందో కూడా వాళ్లకు తెలుసు. వసూలుకు పనికొచ్చే నంబరు సమాచారం చెప్పడానికి ఎందుకు పనికిరాదు?

ముందే ఒక మాట చెప్పాలి, ఇది కరెంటు తీయొద్దని రాస్తున్న ఉత్తరం కాదు. లైను మీద పని చేయాలంటే కరెంటు తీయాల్సిందే. వానాకాలానికి ముందు కొమ్మలు కొట్టకపోతే మొదటి ఈదురుగాలికే తీగలు తెగుతాయి, పాత స్తంభాలు మార్చాలి, ట్రాన్స్‌ఫార్మర్లో ఆయిల్ చూడాలి, జంపర్లు బిగించాలి. లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపేశాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకున్నాకే స్తంభం ఎక్కుతాడు, పని అయ్యాక దిగి ఆ ఎల్‌సీ తిరిగి అప్పజెప్పేదాకా అవతల స్విచ్ వేయకూడదు, వేస్తే మనిషి ప్రాణం పోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో అలా పోయిన ప్రాణాలు ఎన్నో. వాళ్లు నిదానంగా, జాగ్రత్తగా పని చేసుకోవాలని నేనూ కోరుకుంటాను, ఒక గంట ఆలస్యమైనా పర్వాలేదు. నా గోడంతా ఆ గంట సంగతి మాకు చెప్పకపోవడం గురించే.

నేను ఇంట్లో దోసెల పిండి రుబ్బి అమ్ముతాను. చుట్టుపక్కల ఇళ్లకు, రెండు టిఫిన్ బండ్లకు ఇస్తాను. పొద్దున్నే మినప్పప్పు, బియ్యం నానబోసి, మధ్యాహ్నం గ్రైండర్ వేసి, సాయంత్రానికి కవర్లలో కట్టాలి. సరిగ్గా రుబ్బే వేళకు కరెంటు పోతే నానిన పప్పు అలాగే ఉండిపోతుంది. వేసవిలో ఎక్కువసేపు నీళ్లలో ఉంటే వాసన పట్టేస్తుంది, ఆ పప్పుతో రుబ్బిన పిండిని నేను ఎవరికీ అమ్మలేను. ఫ్రిజ్‌లో పెట్టిన పిండి అప్పటికే పులిసి పొంగుతూ ఉంటుంది. పప్పు రేటు చూస్తున్నారుగా, ఒక పూట సరుకు పారబోస్తే ఆ వారం లాభం అందులోనే పోతుంది. అదే ముందురోజు సాయంత్రం 'రేపు 11 నుంచి 4 దాకా ఉండదు' అని ఒక మెసేజ్ వస్తే రాత్రే నానబోసుకుని తెల్లవారుజామున రుబ్బేస్తాను. పని ఆగదు, రూపాయి నష్టం ఉండదు. ఎన్ని గంటలు కోత పెట్టినా ఆ గంటలకు తగ్గట్టు సర్దుకోగలిగే వాళ్లం మేం, చెబితే చాలు.

ఇది నా ఒక్కదాని బాధ కాదని తెలిసే రాస్తున్నాను. వెల్డింగ్ షాపుకు పొద్దున కూలీలు వచ్చాక కరెంటు పోతే, పని జరగకపోయినా వాళ్లను ఊరికే పంపించలేరు, సగం కూలైనా ఇవ్వాలి. లేదంటే ఆ కూలీలే ఖాళీ చేతులతో ఇంటికి పోవాలి, ఎక్కువగా జరిగేది ఈ రెండోదే. పిండి మర, జిరాక్స్ షాపు, టైలరింగ్, పాల డిపో అన్నిటిదీ ఇదే కథ. అపార్ట్‌మెంట్లలో జనరేటర్ లేని చోట నాలుగో అంతస్తులో ఉండే పెద్దవాళ్లు ఆ రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి ఉంటే లిఫ్ట్ ఆగకముందే దిగాలి. నీళ్ల సంగతి సరేసరి. మోటార్ వేసి పైట్యాంకు నింపుకోకముందే కరెంటు పోతే ఆ పూట ఇంటిల్లిపాదికీ నీళ్లుండవు, మున్సిపాలిటీ పంపులు కూడా ఆ కరెంటు మీదే ఆధారపడిన చోట కుళాయి కూడా రాదు. ముందే తెలిస్తే ట్యాంకు నింపుకుంటాం, బిందెలు పట్టుకుంటాం. ఇంతకన్నా తేలికైన పరిష్కారం ఇంకేముంటుంది?

కొన్ని ఇళ్లలో మాత్రం ఇది సర్దుకునే వ్యవహారం కాదు. మా వీధి చివర ఇంట్లో ఒక పెద్దాయన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్నారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక డాక్టర్లు రోజులో చాలా గంటలు అది పెట్టుకోమన్నారు. మామూలు ఇన్వర్టర్ మీద ఆ యంత్రం ఎక్కువసేపు నడవదు. అందుకని ఒక సిలిండర్ కూడా దగ్గర పెట్టుకుంటారు, అది ఖాళీ అయితే నింపించుకురావాలి, నింపే చోటు ఊరికి దూరం. కోత గంటసేపా, అయిదు గంటలా అన్నది ఆ ఇంట్లో చాలా పెద్ద తేడా. గంటే అయితే సిలిండర్‌తో గడిచిపోతుంది. అయిదు గంటలైతే ముందే ఆటో మాట్లాడుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వాళ్లమ్మాయి కరెంటు పోయిన ప్రతిసారీ ఫోను పట్టుకుని ఎవరెవరికో ఫోన్లు చేస్తూ నిలబడుతుంది, ఆ టెన్షన్ చూస్తే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకునే వాళ్లు, ఇంట్లో డయాలసిస్ చేసుకునే వాళ్లు, రాత్రుళ్లు నెబ్యులైజర్ పెట్టాల్సిన పసిపిల్లలున్న వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో పంపిణీ సంస్థ దగ్గర లెక్క ఉండాలి కదా.

రొయ్యల చెరువుల వాళ్లను అడగండి. భీమవరం వైపు, కైకలూరు వైపు వనామి వేసిన రైతుకు రాత్రిపూట నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు తిరగకపోతే నిద్ర ఉండదు. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది, పిల్ల చిక్కగా వేసిన చెరువులో ఆ టైముకు ఏరియేటర్లు ఆగితే ఎంతోసేపు పట్టదు, రొయ్యలు పైకి తేలిపోతాయి. లక్షల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. జనరేటర్ ఉన్నవాళ్లు ఉన్నారు, కానీ దాంట్లో డీజిల్ ఉండాలి, స్టార్ట్ చేసే మనిషి మెలకువగా ఉండాలి. ఈ రాత్రి 2 నుంచి 4 దాకా ఉండదు అని సాయంత్రమే తెలిస్తే డీజిల్ తెచ్చుకుంటాడు, మనిషిని పెట్టుకుంటాడు. వ్యవసాయ మోటార్ల రైతుల బాధ ఇంకో రకం. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తామంటారు, ఏ ఫీడర్‌కు ఏ టైము అన్నది కాగితం మీద ఉంటుంది, మధ్యలో ఏదో కారణంతో ఆగిపోయి మిగతా గంటలు ఎప్పుడిస్తారో తెలియక రైతు పొలం గట్టు మీదే కాచుకు కూర్చుంటాడు. చీకట్లో తడికాళ్లతో స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టి, పాము కరిచి చనిపోయిన వాళ్ల వార్తలు మీ పేపర్లోనే చదువుతుంటాం. ఆగిన గంటలు ఎప్పుడు ఇస్తారో చెబితే ఆ మనిషి అంతవరకు ఇంట్లో ఉంటాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను కొత్త చట్టమేదో పెట్టమని అడగడం లేదు, ఉన్నదాన్నే అమలు చేయమంటున్నాను. కేంద్ర విద్యుత్ శాఖ 2020 డిసెంబరు 31న విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చింది. ముందుగా నిర్ణయించిన కోతల వివరాలు వినియోగదారులకు తెలియజేయాలని, అనుకోని అంతరాయం వచ్చినా, ఫాల్ట్ వచ్చినా ఎస్ఎంఎస్ ద్వారానో మరో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో వెంటనే చెప్పాలని, సరఫరా ఎప్పటికి తిరిగి వస్తుందో అంచనా సమయం కూడా చెప్పాలని అందులోనే ఉంది. ఆ సమాచారం కాల్ సెంటర్‌లోనూ దొరకాలని ఉంది. అంతకుముందే, 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి తెచ్చిన పనితీరు ప్రమాణాల్లో, ముందుగా నిర్ణయించిన కోతలను ముందే తెలియజేయాలని, అవి రోజులో 12 గంటలు మించకూడదని, సాయంత్రం 6 గంటలకల్లా సరఫరా తిరిగి ఇవ్వాలని రాశారు. ఫ్యూజు పోతే పట్టణాల్లో 4 పని గంటల్లో, పల్లెల్లో 12 పని గంటల్లో వేయాలని, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని కూడా వాటిలోనే ఉంది. తెలంగాణ మండలి 2016లో తన నిబంధనలు తాను తెచ్చుకుంది. వీటన్నిటికీ పునాది 2003 విద్యుత్ చట్టంలోని 57వ సెక్షన్. ప్రమాణాలు పెట్టే అధికారం, అవి తప్పితే నష్టపోయిన వినియోగదారుకు పరిహారం ఇప్పించే అధికారం ఆ సెక్షన్ మండలికి ఇచ్చింది.

అంటే కాగితం మీద ఇరవై ఏళ్లుగా మనకు ఈ హక్కు ఉంది. మరి మన దాకా ఎందుకు రాలేదు? నాకు తెలిసినంతలో ఒక్కటే కారణం, చెప్పకపోయినా ఎవరికీ ఏమీ కాదు. ముందు చెప్పకుండా కరెంటు తీసినందుకు ఫలానా వినియోగదారు బిల్లులో ఇంత తగ్గించారు అన్న మాట నేను ఇంతవరకు ఎక్కడా వినలేదు. మేం ఒక్క రోజు ఆలస్యంగా బిల్లు కడితే సర్‌ఛార్జి పడుతుంది, ఇంకొన్నాళ్లు ఆగితే ఫ్యూజు పీకేస్తారు, మళ్లీ కలపడానికి విడిగా ఛార్జీ ఉంటుంది. అది నిబంధన, మేం కాదనడం లేదు, కడుతున్నాం. అవతలి వైపు నిబంధనకూ అంతే బలం ఉండాలని అడగడం న్యాయం కాదా?

సాంకేతికంగా కష్టం అని ఒక వాదన వినపడుతుంది. దాన్ని కొట్టిపారేయను, అందులో కొంత నిజం ఉంది. మెసేజ్ సరైన ఇంటికి వెళ్లాలంటే ఏ మీటరు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏ ఫీడర్ మీద ఉంది, ఆ ఫీడర్ ఏ సబ్‌స్టేషన్‌ది అన్న లెక్క సరిగ్గా ఉండాలి. లోడు ఎక్కువై కొన్ని ఇళ్లను ఒక ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు ఆ మార్పు కంప్యూటర్‌లోకి ఎక్కకపోతే మెసేజ్ తప్పు ఇంటికి పోతుంది. ఫోను నంబర్లతో ఇంకో చిక్కుంది. మీటరు ఇంటి ఓనరు పేరు మీద ఉంటుంది, నంబరు ఆయనది, ఆయన హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు, కరెంటు పోయేది అద్దెకున్న వాళ్లకు. ఎప్పుడో పదేళ్ల కింద ఇచ్చిన నంబరు ఇప్పుడు వేరే ఎవరి దగ్గరో ఉండొచ్చు. కానీ ఇవి తీర్చలేని చిక్కులా? ఒక సర్వీసుకు రెండు మూడు నంబర్లు చేర్చుకునే వీలు ఇవ్వండి, అద్దెకున్న వాళ్లు కూడా తమ నంబరు ఎక్కించుకుంటారు. రీడింగు తీయడానికి నెలనెలా మనిషి వస్తూనే ఉన్నాడు, నంబరు సరిచూసే పని ఒక రెండు నెలలు అప్పజెబితే చాలా వరకు తేలిపోతుంది. బిల్లు మీద మా ట్రాన్స్‌ఫార్మర్, ఫీడర్ పేరు స్పష్టంగా ముద్రిస్తే తప్పుంటే మేమే చెబుతాం.

ముందుగా నిర్ణయించిన కోతకైతే ఆ కష్టం కూడా పెద్దగా లేదు. రేపు ఫలానా లైను మీద పని ఉంది అంటే ఆ సంగతి ఏఈ ఆఫీసులో, పైఆఫీసులో, సబ్‌స్టేషన్‌లో ముందే తెలియాలి, అనుమతి తీసుకోవాలి, సామాను తెప్పించుకోవాలి, మనుషుల్ని పెట్టుకోవాలి. మీ పేపరుకు ప్రకటన పంపేది కూడా ముందురోజే. సమాచారం ఆఫీసులో తయారుగా ఉంది, అక్కడి నుంచి మా ఫోను దాకా రావడం లేదు, అంతే. అనుకోకుండా ఫీడర్ ట్రిప్ అయినా సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఆ క్షణానే తెలుస్తుంది, ఆయన లాగ్‌బుక్‌లో టైము రాస్తాడు. పెద్ద నగరాల్లో స్కాడా (లైన్లను దూరం నుంచే గమనించే కంప్యూటర్ వ్యవస్థ) ఉంది, కంట్రోల్ రూములో కూర్చునే చూడగలరు. 2021లో కేంద్రం మొదలుపెట్టిన పంపిణీ రంగ పునరుద్ధరణ పథకం కింద దేశమంతా స్మార్ట్ మీటర్లు పెట్టిస్తున్నారు, ఆ పథకం మొత్తం విలువ 3 లక్షల కోట్ల రూపాయల పైనే. స్మార్ట్ మీటర్‌కు కరెంటు పోయిన వెంటనే ఆ సంగతి కంట్రోల్ సెంటర్‌కు చెప్పే సామర్థ్యం ఉంటుంది. స్మార్ట్ మీటర్ల మీద జనానికి రకరకాల అనుమానాలున్నాయి, బిల్లు పెరుగుతుందేమో, రీఛార్జి అయిపోగానే కరెంటు ఆగిపోతుందేమో అని. మాకు పనికొచ్చే ఈ ఒక్క పని ముందు చేసి చూపించి ఉంటే ఆ అనుమానాలు కొంతైనా తగ్గేవి.

కరెంటు ఫిర్యాదులకు 1912 ఫోను నంబరు ఉందిగా అంటారు. ఉంది. ఒక వీధిలో కరెంటు పోయినప్పుడు ఆ ఫీడర్ కింద ఉన్న ఇళ్లన్నీ ఒకేసారి అదే నంబరుకు చేస్తాయి, లైను బిజీ వస్తుంది. దొరికితే, కంప్లైంట్ రాసుకున్నాం, పని జరుగుతోంది అంటారు. ఎప్పటికి వస్తుంది అంటే ఆ ఫోను ఎత్తిన అమ్మాయికి మాత్రం ఎలా తెలుస్తుంది, ఆమె ముందున్న స్క్రీన్ మీద ఆ సంగతి ఉండాలిగా. దాంతో జనం ఏం చేస్తారంటే, కాలనీ వాట్సాప్ గ్రూపులో లైన్‌మన్ పర్సనల్ నంబరు పెడతారు. అందరూ ఆయనకే చేస్తారు. ఆ మనిషి వానలో స్తంభం మీద ఉంటాడు, నడుముకు బెల్టు, చేతిలో ప్లయర్, జేబులో ఫోను ఆగకుండా మోగుతూ ఉంటుంది. ఎత్తితే పని మీద ధ్యాస పోతుంది, ఎత్తకపోతే ఫోను ఎత్తడం లేదని పైవాళ్లకు కంప్లైంట్ వెళుతుంది. ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇలాంటి సమయంలో అందరికీ ఒక మెసేజ్ వెళితే, 'లైను తెగింది, మా వాళ్లు అక్కడే ఉన్నారు, రెండు గంటలు పట్టొచ్చు' అని, సగానికి సగం ఫోన్లు ఆగిపోతాయి. ఈ మెసేజ్ కోసం అందరికన్నా ముందు అడగాల్సింది లైన్‌మన్ల యూనియన్లే అని నా అభిప్రాయం.

లైన్‌మన్ల క్షేమానికి సంబంధించి ఇంకో విషయం, సందర్భం వచ్చింది కాబట్టి రాస్తున్నాను. బయటి లైనును, జనరేటర్‌ను విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ కలుపుకున్న షాపులు, ఇళ్లు ఉన్నాయి. లైను చచ్చి ఉందనుకుని మనిషి స్తంభం మీద పని చేస్తుంటే ఆ జనరేటర్ కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కుతుంది. కోత మెసేజ్‌లోనే 'లైను మీద మనుషులు పని చేస్తున్నారు, చేంజోవర్ లేని జనరేటర్లు వేయకండి' అని ఒక వాక్యం చేరిస్తే ఎక్కడో ఒక ప్రాణం నిలబడొచ్చు.

చెప్పిన టైముకు రాకపోతే జనం తిడతారని ఆఫీసర్లు భయపడతారేమో. వాళ్లకు నా మాట, మేం తిట్టేది ఏమీ తెలియనప్పుడు. రెండు గంటలన్నది నాలుగు అయ్యేటట్టుంటే ఇంకో మెసేజ్ పెట్టండి, కేబుల్ ఫాల్ట్ ఎక్కడుందో ఇంకా దొరకలేదు, ఆరు దాటుతుంది అని. ఉన్నది ఉన్నట్టు చెబితే జనం అర్థం చేసుకుంటారు. కరోనా టైములో, తుపాన్ల టైములో కరెంటు వాళ్లు పడ్డ కష్టం చూసి చప్పట్లు కొట్టింది ఈ జనమే.

మరమ్మతుల పేరు చెప్పని కోతల గురించి కూడా రాయాలి. డిమాండు పెరిగి సరఫరా చాలనప్పుడు లోడ్ రిలీఫ్ అని ఫీడర్లు ఆపేస్తారు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో అదే జరిగింది, పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. పరిశ్రమలకు ఏ రోజు ఉండదో ముందే చెప్పారు, వాళ్లు షిఫ్టులు మార్చుకున్నారు. ఇళ్లకు మాత్రం అలాంటి ప్రకటన చేయకుండా రాత్రుళ్లు కోతలు పెట్టారు, పసిపిల్లలకు విసనకర్రతో విసురుతూ జనం ఆరుబయట కూర్చున్నారు. కొరత వచ్చిందంటే కోత పెట్టక తప్పదని మాకూ తెలుసు. అయితే టైము చెప్పి పెట్టండి. కోత ఉందని ఒప్పుకోవడం రాజకీయంగా ఇబ్బంది అన్న ఒక్క కారణంతో టైము చెప్పకపోతే, ఆ ఇబ్బందంతా ఇంట్లో ఉన్న ముసలివాళ్ల మీద, పరీక్షలకు చదువుకునే పిల్లల మీద పడుతోంది. ఏప్రిల్, మే నెలలంటే ఎంట్రన్స్ పరీక్షల కాలం కూడా.

తుపాన్లప్పుడు సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు కరెంటుతోపాటు సెల్ టవర్లు కూడా పోయాయి, అలాంటప్పుడు ఫోనుకు మెసేజ్ పెట్టి లాభం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీళ్లలో మునిగినప్పుడు షాక్ కొడుతుందని సరఫరా ఆపారు, ఆపడం సబబే, చాలామంది ఫోన్లు చార్జింగ్ లేక ఆగిపోయాయి. కానీ తుపాను వస్తుందని వాతావరణ శాఖ రెండు మూడు రోజుల ముందే చెబుతోంది. గాలి ఇంత వేగం దాటితే సరఫరా మేమే ఆపేస్తాం, ఫోన్లు చార్జి చేసుకోండి, నీళ్లు పట్టుకోండి, తెగిన తీగల దగ్గరికి పోకండి అన్న మెసేజ్ ముందే పంపొచ్చు. ఆ తర్వాత కరెంటు ఏ వీధికి ఎప్పుడొస్తుందన్నది ఆటోలో మైకు పెట్టి చెప్పించొచ్చు, సచివాలయం గోడ మీద రాయించొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లు ఉన్నారు, ఆ ఊరి మనుషులు వాళ్లకు తెలుసు. ఫోను లేని అవ్వ ఇంటికి, ఆక్సిజన్ మీద ఉన్నాయన ఇంటికి వాళ్లు స్వయంగా వెళ్లి చెప్పొచ్చు. స్మార్ట్ ఫోను, యాప్ ఉన్నవాళ్లకే సమాచారం అన్న పద్ధతి పెడితే ఎక్కువ అవసరమున్న వాళ్లే మిగిలిపోతారు. అందుకే యాప్ ఒక్కటే చాలదు, మామూలు ఎస్ఎంఎస్ కావాలి, తెలుగులో కావాలి, చదవలేని వాళ్లకు రికార్డు చేసిన ఫోను కాల్ రావాలి.

ఇతర రంగాల్లో ఏం జరుగుతోందో చూడండి. హైదరాబాద్‌లో కృష్ణా పైపులైను మరమ్మతు అంటే జలమండలి ఏయే ప్రాంతాలకు ఎన్ని గంటలు నీళ్లుండవో పేర్లతో సహా ముందే ప్రకటిస్తుంది, జనం నీళ్లు పట్టుకుంటారు. సెల్‌ఫోన్ల విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో కొత్త నాణ్యత నిబంధనలు తెచ్చింది. ఒక జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలు దాటి ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్లకు వ్యాలిడిటీ పెంచాలి, ప్రకృతి వైపరీత్యాలకు మాత్రం మినహాయింపు. వినియోగదారు వెళ్లి అడుక్కోనక్కరలేదు, కంపెనీయే ఇవ్వాలి. బ్రిటన్‌లో ముందుగా నిర్ణయించిన కోతకు కనీసం రెండు రోజుల ముందు ఇంటికి నోటీసు ఇవ్వాలి, ఇవ్వకపోతే పరిహారం కట్టాలి. వైద్య పరికరాల మీద బతికేవాళ్లు, వృద్ధులు పేరు నమోదు చేసుకునే ప్రత్యేక జాబితా ఉంటుంది, వాళ్లకు ముందుగా చెబుతారు, కోతలో ఫోను చేసి కనుక్కుంటారు. అక్కడ స్థిరపడిన మనవాళ్లను అడిగినా చెబుతారు. ఆ జాబితా పెట్టడానికి మనకు వందల కోట్లు అక్కర్లేదు, ఒక దరఖాస్తు ఫారం, డాక్టరు సర్టిఫికెట్, ఏఈ ఆఫీసులో ఒక రిజిస్టరు ఉంటే మొదలుపెట్టొచ్చు.

పరిహారం గురించి సూటిగా చెబుతాను. మొత్తం పెద్దది కానక్కరలేదు. 24 గంటల ముందు చెప్పకుండా మరమ్మతుకు కరెంటు తీస్తే, ఆ ఫీడర్ కింద ఉన్న ప్రతి సర్వీసుకూ వచ్చే నెల బిల్లులో యాభయ్యో వందో దానంతటదే తగ్గాలి. దరఖాస్తు పెట్టుకుంటేనే ఇస్తాం అంటే ఎవరూ పెట్టుకోరు, వంద రూపాయల కోసం పని మానుకుని ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు? ఒక ఫీడర్ కింద వేల ఇళ్లుంటే ఆ చిన్న మొత్తమే సంస్థకు లక్షల్లో తేలుతుంది, అప్పుడు మెసేజ్ పెట్టడమే చవక అని వాళ్లే లెక్క వేసుకుంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ డబ్బు సంస్థ ఖర్చుల్లో కలిపేసి మళ్లీ టారిఫ్‌లో మన దగ్గరే వసూలు చేయకుండా మండలి చూడాలి. కింది ఉద్యోగి జీతంలో కోయడం కూడా అన్యాయం, వ్యవస్థ పెట్టాల్సింది పైవాళ్లు.

ఇది ఎవరు చేయాలంటే రెండు రాష్ట్రాల నియంత్రణ మండళ్లే చేయాలి. పంపిణీ సంస్థలు ఏటా నవంబరు ఆఖరుకల్లా వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికలు మండలికి ఇస్తాయి, ఆ తర్వాత అభ్యంతరాలు తీసుకుంటారు, బహిరంగ విచారణ జరుపుతారు. ఆ విచారణల్లో ఎప్పుడూ రేట్ల గురించే మాట్లాడతాం, రైతు సంఘాలు, పరిశ్రమల సంఘాలు, కొందరు ఓపికగల పెద్దలు వెళ్లి వాదిస్తారు. ఈసారి సమాచారం గురించి కూడా అడగాలి. గడిచిన ఏడాదిలో ముందుగా నిర్ణయించిన కోతలు ఫీడర్ల వారీగా ఎన్ని, వాటిలో ఎన్నింటికి ముందు మెసేజ్ వెళ్లింది, ఎంతమందికి వెళ్లింది, చెప్పిన టైముకు ఎన్నిసార్లు సరఫరా వచ్చింది, ఈ లెక్క వెబ్‌సైట్లో తెలుగులో పెట్టించమని అడగాలి. అభ్యంతరం రాయడానికి లాయరు అక్కర్లేదు, తెలుగులో తెల్ల కాగితం మీద రాసి పంపొచ్చు. మామూలు ఫిర్యాదులకైతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికలు ఉన్నాయి, అక్కడ తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ రెండింటి చిరునామాలు పెద్ద అక్షరాలతో బిల్లు వెనక వేయిస్తే బాగుంటుంది, ఇప్పుడు చాలామందికి అవి ఉన్నాయనే తెలియదు.

చివరగా మీకు ఒక విన్నపం. ఆ బాక్సు తీసేయకండి. వీలైతే ఫీడర్ పేరుతో పాటు వీధుల, కాలనీల పేర్లు కూడా ఇవ్వమని ఏఈ ఆఫీసుల వాళ్లను మీ విలేకరుల చేత అడిగించండి, మీరు అడిగితే ఇస్తారు. టారిఫ్ అభ్యంతరాలకు ఆఖరు తేదీ, పంపాల్సిన చిరునామా వచ్చినప్పుడు లోపలి పేజీలో ఇంగ్లీషు ప్రకటనగా కాకుండా అందరికీ కనపడేలా తెలుగు వార్తగా వేయండి. నా అభ్యంతరం నేను రాసి పంపుతాను, మా వీధిలో సంతకం పెడతామన్న వాళ్లు ఉన్నారు, పెద్దాయన వాళ్లమ్మాయి కూడా తన సంగతి వేరే కాగితం మీద రాసిస్తానంది.

ఇట్లు,
మీ జిల్లా పేజీ పాఠకురాలు